‘కాసాబ్లాంకా’లోని ఆ పత్రాలు నిజమేనా? 1942 రంగం వలస మీద నవల రాయబోయేవారికి ఒక జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. ‘కాసాబ్లాంకా’ అనే పాత హాలీవుడ్ సినిమాలో, నాజీల నుంచి పారిపోతున్నవాళ్ళంతా వెంటపడే ఆ ప్రయాణ పత్రాలు నిజంగా ఉండేవా అన్నది ఒకటి. 1942లో మీ తాతగారి కుటుంబం రంగం (బర్మాలోని రంగూన్) నుంచి నడిచి వచ్చిన కథను నవలగా రాయాలనుకుంటున్నారు, దానికి ఏ సినిమాలు చూడాలి, ఏ నవలలు చదవాలి అన్నది రెండోది. చాలా ఏళ్ళు ఫిల్మ్ సొసైటీలో పాత సినిమాలు వేయడం, చూశాక జనం చేత వాటి గురించి మాట్లాడించడం నా పనిగా ఉండేది. అందుకే ఈ ప్రశ్నలు చూడగానే రాయాలనిపించింది. పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదటిదానికి సూటిగా చెప్పాలంటే, అలాంటి పత్రాలు ఎప్పుడూ లేవు. సినిమాలో ఇద్దరు జర్మన్ కొరియర్లను చంపి ఎవరో రెండు పత్రాలు కాజేస్తారు. అవి చేతిలో ఉన్నవాళ్ళను ఎవరూ ఆపకూడదు, ఏమీ అడగకూడదు. ఇది కథ కోసం పుట్టించిన వస్తువు. సినిమాకు మూలం ముర్రే బర్నెట్, జోన్ ఆలిసన్ కలిసి రాసిన, అప్పటికి రంగస్థలం ఎక్కని ఒక నాటకం. ఆ పత్రాలు అందులోంచే వచ్చాయి. వాటి మీద సంతకం ఎవరిదని నటుడు పీటర్ లోరీ పలికాడన్న దాని మీద ఇప్పటికీ వాదనే. కొందరికి జర్మనీకి లొంగని ఫ్రెంచి సేనాని డిగాల్ అని వినిపిస్తుంది, కొందరికి లొంగిపోయిన ఫ్రాన్స్ తరఫు సేనాని వేగాన్ అని. డిగాల్ అయితే మరీ విడ్డూరం. 1940 ఆగస్టులోనే విషీ ప్రభుత్వపు (ఓడిపోయాక జర్మనీతో రాజీపడ్డ ఫ్రెంచి ప్రభుత్వం) సైనిక కోర్టు ఆయనకు మరణశిక్ష వేసింది. ఆయన సంతకంతో విషీ మొరాకోలో విమానం ఎక్కబోతే తిన్నగా జైలుకే పోతారు.

అయినా ఆ సినిమాను తీసిపారేయకండి. అందులో పత్రాలు అబద్ధం, మనుషులు నిజం. బర్నెట్ న్యూయార్క్‌లో స్కూలు టీచరు. 1938లో భార్య తరఫు యూదు బంధువులకు సాయం చేద్దామని వియన్నా వెళ్ళి, అక్కడ నాజీలు చేస్తున్నది కళ్ళారా చూసి వచ్చాడు. దర్శకుడు మైఖేల్ కర్టీజ్ బుడాపెస్ట్‌లో పుట్టిన యూదుడు. ఇక నటుల సంగతి చూడండి. నాజీ మేజర్‌గా వేసిన కాన్రాడ్ వైట్, భార్య యూదు కావడంతో 1933లోనే జర్మనీ వదిలాడు. లోరీ కూడా అదే ఏడు బెర్లిన్ విడిచాడు. లావుగా, బుగ్గలతో హోటల్లో తిరిగే కార్ల్ పాత్రధారి ఎస్.జెడ్. సకాల్ హంగరీ యూదుడు. ఆయన అక్కచెల్లెళ్ళు నాజీ శిబిరాల్లో పోయారు. తెర మీద పేరు పడ్డ 14 మందిలో అమెరికాలో పుట్టినవాళ్ళు ముగ్గురే.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది మాడ్లీన్ లెబో, మార్సెల్ దాలియోల కథ. సినిమాలో ఆమె ఇవోన్, కథానాయకుడైన కఫే యజమాని రిక్ వదిలేసిన ప్రియురాలు. ఆయన జూదపు బల్ల దగ్గర ఎమిల్. అప్పటికి వాళ్ళిద్దరూ భార్యాభర్తలు. ఫ్రెంచి దర్శకుడు రెన్వార్ తీసిన గొప్ప సినిమాల్లో దాలియో ప్రధాన పాత్రలు వేశాడు. జర్మన్లు పారిస్‌లోకి వచ్చాక, యూదుడు ఎలా ఉంటాడో చూడండంటూ ఆయన మొహాన్నే పోస్టర్ల మీద వేశారు. అప్పటికే ఈ దంపతులు 1940 జూన్‌లో పారిస్ విడిచి, లిస్బన్ చేరి, చిలీ వీసాలు సంపాదించి ఓడెక్కారు. మెక్సికో చేరాక ఆ వీసాలు నకిలీవని తేలింది. నడి దారిలో చిక్కుకుపోయి, చివరికి తాత్కాలిక కెనడా పాస్‌పోర్టులతో అమెరికాలో అడుగుపెట్టారు. రెండేళ్ళ తర్వాత, దొంగ పత్రాల చుట్టూ తిరిగే సినిమాలో చిన్న వేషాలు వేశారు.

ఇప్పుడు ఆ పాటల సీను మళ్ళీ పెట్టుకుని చూడండి. జర్మన్ ఆఫీసర్లు బల్ల చుట్టూ చేరి తమ పాట పాడుతుంటారు. నాజీలకు ఎదురుతిరిగిన లాజ్లో మెట్లు దిగి వచ్చి, బ్యాండు వాళ్ళతో ఫ్రెంచి జాతీయగీతం వాయించమంటాడు. వాళ్ళు రిక్ వైపు చూస్తారు, అతను తల ఊపుతాడు. కాసేపటికి కఫే అంతా లేచి పాడుతుంది. అంతకుముందు ఒక జర్మన్ ఆఫీసర్ చెయ్యి పట్టుకుని వచ్చిన ఇవోన్ కూడా పాడుతుంది, చెంపల మీద నీళ్ళు కారుతూ. లెబోకు అప్పుడు 19 ఏళ్ళు. ద్వారం దగ్గర కాపలా ఉండే అబ్దుల్ వేషం వేసిన డాన్ సీమోర్, ఆ సీను తీస్తున్నప్పుడు తలెత్తి చూస్తే సగం మంది ఏడుస్తున్నారని, వాళ్ళంతా నిజం శరణార్థులని అప్పుడే తట్టిందని తర్వాత చెప్పాడు. షూటింగ్ 1942 మే నుంచి ఆగస్టు మొదటి దాకా. అప్పటికి హిట్లర్ ఓడిపోతాడని ఎవరికీ తెలియదు. ఫ్రాన్స్ మళ్ళీ చూస్తామో లేదో వాళ్ళకు తెలియదు. ఈ ‘తెలియకపోవడం’ గుర్తుపెట్టుకోండి, మీ నవలకు ఇది చాలా అవసరం.

నిజంగా ఎలాంటి కాగితాలు కావాల్సి వచ్చేవో చెప్తాను. 1940 జూన్ 22న ఫ్రాన్స్ సంధికి ఒప్పుకుంది. ఆ ఒప్పందంలో 19వ అధికరణం ప్రకారం, జర్మనీ అడిగిన జర్మన్ పౌరుణ్ణి ఎవరినైనా ఫ్రాన్స్ పట్టి అప్పగించాలి. పారిస్‌లో తలదాచుకున్న జర్మన్ రచయితలు, కళాకారులు, కార్మిక నాయకులు అందరూ ఒక్క సంతకంతో బోనులో పడ్డారు. జనమంతా దక్షిణాన మార్సెయ్ రేవుకు చేరారు. అక్కడి నుంచి బయటపడాలంటే ముందు ఏదో ఒక దేశం రానిస్తానని వీసా ఇవ్వాలి. అది చూపిస్తే పోర్చుగల్ మీదుగా వెళ్ళడానికి ట్రాన్సిట్ వీసా. అది చూపిస్తే స్పెయిన్‌ది. ఓడ టికెట్ కొన్నట్టు రసీదు. ఇవన్నీ చేతికొచ్చాక ఫ్రాన్స్ విడిచి వెళ్ళడానికి అనుమతి, దాన్నే నిష్క్రమణ వీసా అనేవారు. ప్రతి కాగితానికీ గడువు ఉంటుంది. చివరిది చేతికొచ్చేసరికి మొదటిదాని గడువు తీరిపోతుంది. మళ్ళీ మొదటి క్యూ.

వాల్టర్ బెన్యమిన్ అనే జర్మన్ యూదు విమర్శకుడి సంగతి ఇదే. ఆయన దగ్గర అమెరికా వీసా ఉంది, స్పెయిన్, పోర్చుగల్ ట్రాన్సిట్ వీసాలు ఉన్నాయి. ఫ్రాన్స్ నిష్క్రమణ వీసా ఒక్కటే లేదు. గుండె జబ్బు మనిషి. లీసా ఫిట్కో అనే యువతి దారి చూపిస్తుంటే, బరువైన నల్ల బ్యాగుతో పిరనీస్ కొండలు దాటి స్పెయిన్‌లోని పోర్ట్‌బౌ చేరాడు. అక్కడి పోలీసులు వెనక్కి పంపిస్తామన్నారు. 1940 సెప్టెంబర్ 26 రాత్రి మార్ఫిన్ మింగి ప్రాణం తీసుకున్నాడు. ఆయనతో వచ్చిన మిగతావాళ్ళను ఆ తర్వాత ముందుకు పోనిచ్చారు. అదే కాలంలో వేరియన్ ఫ్రై అనే అమెరికన్ జర్నలిస్టు, సుమారు 200 పేర్ల జాబితాతో మార్సెయ్ వచ్చి, పదమూడు నెలలు ఉండి, దాదాపు రెండు వేల మందిని దేశం దాటించడానికి సాయపడ్డాడు. దొంగ పాస్‌పోర్టులు, కొండదారులు, వేటికీ వెనకాడలేదు. జర్మన్ నవలా రచయిత హైన్రిష్ మాన్ ఆ కొండలు ఎక్కినప్పుడు ఆయనకు 69 ఏళ్ళు.

ఈ కాగితాల చక్రాన్ని అర్థం చేసుకోవాలంటే మీరు చదవాల్సిన నవల అన్నా జేగర్స్ రాసిన ‘ట్రాన్సిట్’. ఒక్క పుస్తకమే చదివే తీరిక ఉందంటే ఇదే చదవమంటాను. ఆమె జర్మన్ యూదు, కమ్యూనిస్టు. భర్తను శిబిరంలో పెట్టారు. ఆమె పిల్లలతో మార్సెయ్‌లో ఆ కాన్సులేట్ల చుట్టూ తానే తిరిగింది. 1941 మార్చిలో ఓడెక్కి చివరికి మెక్సికో చేరింది. పుస్తకం 1944లో ముందు ఇంగ్లీషులో, స్పానిష్‌లో వచ్చింది. ఆమె రాసిన జర్మన్‌లో పుస్తకంగా రావడానికి 1948 దాకా పట్టింది.

కథ చెప్పే యువకుడు శిబిరం నుంచి పారిపోయి వస్తాడు. పారిస్‌లో ఆత్మహత్య చేసుకున్న ఒక రచయిత పెట్టె అతని చేతికి వస్తుంది, అందులో ఒక సగం రాతప్రతి, మెక్సికో వీసా గురించిన ఉత్తరం. మార్సెయ్‌లో కాన్సులేటువాళ్ళు ఇతన్నే ఆ రచయిత అనుకుంటారు. ఆ రచయిత భార్య ఊరంతా తిరుగుతూ భర్తను వెతుకుతుంటుంది. ఎక్కడ అడిగినా ‘ఆయన ఇందాకే వచ్చి వెళ్ళారు’ అంటారు. మార్సెయ్‌లో ఉండనివ్వాలంటే ఒక షరతు: ఊరు విడిచి వెళ్ళిపోబోతున్నట్టు రుజువు చూపించాలి. వెళ్ళాలని లేని మనిషి, ఉండటం కోసం, వెళ్తున్నట్టు కాగితాలు పోగేస్తుంటాడు. దీనిలో హాస్యం ఉంది, ఆ హాస్యం గొంతులో పట్టేస్తుంది. ఎక్కడా పెద్ద యుద్ధ సన్నివేశం లేదు. కఫేలు, క్యూలు, పుకార్లు, ఇవాళ పిజ్జా ముక్కకు రేషన్ కూపన్ అడుగుతారా లేదా అన్న ఆలోచన, అంతే. కానీ ప్రతి పేజీలో మనకు టెన్షన్ పెరుగుతూనే ఉంటుంది.

జర్మన్ రచయిత రెమార్క్ నవలలు కూడా చెప్పాలి. ‘ఆర్చ్ ఆఫ్ ట్రయంఫ్’లో కాగితాలు లేని జర్మన్ సర్జన్ పారిస్‌లో చాటుగా ఆపరేషన్లు చేస్తుంటాడు. మంచి పుస్తకమే కానీ ప్రేమకథ దాన్ని అక్కడక్కడ మింగేస్తుంది. 1962లో వచ్చిన ‘ది నైట్ ఇన్ లిస్బన్’ నాకు ఎక్కువ నచ్చింది. లిస్బన్ రేవులో ఓడ వైపు చూస్తూ నిలబడ్డవాడికి, ఒక అపరిచితుడు రెండు టికెట్లు, పాస్‌పోర్టులు ఉచితంగా ఇస్తానంటాడు. బదులుగా తెల్లారేదాకా తన కథ వింటే చాలు. ఆ అపరిచితుడి పాస్‌పోర్టు కూడా అతనిది కాదు, చనిపోయిన వేరొకడిది. ఒకే పేరు చేతులు మారుతూ పోతుంది. మీ తాతగారి కథను ఎవరు ఎవరికి చెబుతున్నట్టు రాయాలి అని మీరు తేల్చుకోలేకపోతే, ఈ నవల కట్టిన తీరు ఒకసారి చూడండి.

సినిమాల్లో 1941లో వచ్చిన ‘హోల్డ్ బ్యాక్ ద డాన్’ వదలొద్దు. రొమేనియా నుంచి వచ్చిన ఒకడు మెక్సికో సరిహద్దు ఊళ్ళో అమెరికా వీసా కోసం ఏళ్ళు ఆగాలని తెలుసుకుంటాడు. హోటల్లో గది ఖాళీ లేదంటారు, తర్వాత ఒకటి ఖాళీ అవుతుంది. అందులో ఉన్నవాడు ఉరేసుకున్నాడు కాబట్టి. స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకరైన బిల్లీ వైల్డర్, 1934లో మెక్సికలి ఊళ్ళో అలాగే వీసా కోసం ఎదురుచూశాడు. ఆ ఎదురుచూపు తెలిసినవాడు రాసిందని సినిమా మొదటి భాగమే చెబుతుంది. రెండో సగం మామూలు హాలీవుడ్ ప్రేమకథ, దాని గురించి చెప్పడానికి ఏం లేదు.

ఈ పాత కథల్లో నాకు నచ్చనివి కూడా చెప్పాలి, ఎందుకంటే అవే పొరపాట్లు మీ నవలలోకి సులువుగా దూరతాయి. ‘కాసాబ్లాంకా’లో ఒక్కసారి కూడా ‘యూదు’ అన్న మాట వినిపించదు. ఆ జనం ఎందుకు పారిపోతున్నారో పైకి చెప్పరు. ఇంకోటి, కథ జరిగేది మొరాకోలో, కానీ మొరాకో మనుషులు బజారులో సరుకులు అమ్మడానికి, తలుపు దగ్గర కాపలాకు తప్ప కనిపించరు. వాళ్ళ దేశాన్ని ఫ్రాన్స్ ఏలుతోందన్న ఊసే లేదు. పైగా నిజంగా మొరాకో చేరిన చాలామంది విదేశీయులను విషీ ప్రభుత్వం శిబిరాల్లో పెట్టింది. బూఅర్ఫా దగ్గర ఎడారిలో సహారా రైలుమార్గం కోసం రాళ్ళు కొట్టించింది. షాంపేన్ గ్లాసులు ఆ ఎడారి దాకా పోలేదు.

ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, రంగం కథలో బర్మావాళ్ళు కూడా అలాగే మాయమైపోయే ప్రమాదం ఉంది. మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలాదిగా కూలీలు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని స్టీమరెక్కి రంగం వెళ్ళారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, కంపెనీలు బర్మా కూలీలను తెచ్చాయి; సమ్మె ముగిసి వాళ్ళను పొమ్మనగానే గొడవ రేగి, మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. అదే దశాబ్దంలో ధరలు పడిపోయి, బర్మా రైతుల భూములు తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతుల్లోకి వెళ్ళాయి. అప్పటి కోపం ఇదంతా కలిసి పుట్టించినది. 1942లో దారి పొడుగునా మీ తాతగారు చూసిన భయానికి ఈ పన్నెండేళ్ళ వెనకటి కథ ఉంది. ఒక్క బర్మా మనిషినైనా పేరుతో, ఇంటితో, తన లెక్కతో రాయండి.

ఇక 1942 సంగతులు. 1941 డిసెంబర్ 23న, 25న జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు ప్రోమ్ దారిన ఉత్తరానికి బయల్దేరారు. రేవు ఆగిపోతుందని ప్రభుత్వం చాలామందిని నచ్చజెప్పి వెనక్కి తెచ్చింది. ఫిబ్రవరిలో మళ్ళీ పారిపోవాల్సి వచ్చింది, మార్చి 8న నగరం జపాన్ చేతికి పోయింది. స్టీమరు దొరికినవాళ్ళు సముద్రం మీద వచ్చారు. దొరకనివాళ్ళలో కొందరు టౌంగుప్ కనుమ దాటి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్ చేరారు. ఇంకొందరు టమూ, పాలెల్ మీదుగా మణిపూర్‌లోకి వచ్చారు. ఆఖరున మిగిలినవాళ్ళు వానాకాలంలో హుకాంగ్ లోయ బురదలోంచి అస్సాంలోని లీడో వైపు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది ఇండియా చేరారని అంచనా, వేలమంది దారిలోనే రాలిపోయారు. తెల్లవాళ్ళకు మంచి దారి, మనవాళ్ళకు చెడ్డ దారి అని అప్పుడే కాంగ్రెస్ నాయకులు గట్టిగా విమర్శించారు. మన దగ్గర కాగితాల చక్రం యూరప్‌లో లాంటిది కాదు. అయినా ఎవరికి స్టీమరు, ఎవరికి కాలినడక అన్నది తేల్చింది డబ్బూ, చర్మం రంగే. దాన్ని ‘ట్రాన్సిట్’లో క్యూలను రాసినంత ఓపిగ్గా రాయాలి.

మీరు వాడుకోగల ఒక నిజం ఉంది, నవలల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదనిపిస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారు. మద్రాసు కూడా అదే నెలలో చాలావరకు ఖాళీ అయింది. అంటే రంగం నుంచి స్టీమరులో ముందే వచ్చినవాడు, బతికి ఇల్లు చేరాననుకున్న కొద్ది వారాలకే, సొంత ఊళ్ళో మళ్ళీ మూట కట్టుకోవాల్సి వచ్చింది. జపాన్ ఇక రాదని మనకు తెలుసు, అతనికి తెలియదు. అందుకే పైన చెప్పాను, తెలియకపోవడం గుర్తుపెట్టుకోమని. చరిత్ర నవల రాసేవాళ్ళు చాలామంది ఇక్కడే జారుతారు. ముగింపు తెలిసిన ధీమా పాత్రల మాటల్లోకి వచ్చేస్తుంది. 1942లో అడవి దాటుతున్నవాడు ‘స్వాతంత్ర్యం వచ్చాక’ అని మాట్లాడితే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

ఈ నడక మీద వచ్చిన నవలల్లో అమితావ్ ఘోష్ ‘ది గ్లాస్ ప్యాలెస్’ తప్పక చదవండి. అందులో రాజ్‌కుమార్, డాలీ, కోడలు, పసిబిడ్డ బర్మా నుంచి నడిచి వస్తారు. కోడలు దారిలో నదిపాలవుతుంది. ఆ పేజీలు కళ్ళకు కట్టినట్టు ఉంటాయి. కానీ వాళ్ళది టేకు వ్యాపారం చేసిన కుటుంబం. మీరు రాయబోయేది మూటలు మోసినవాళ్ళ కథ. ఆ వైపు నుంచి తెలుగులో ఒక పెద్ద నవల రావాలని నాకు ఎప్పటి నుంచో కోరిక, మీ ప్రశ్న చూసి సంతోషం అందుకే.

ఇంట్లో పెద్దవాళ్ళను అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. బర్మా నుంచి మనవాళ్ళు రెండుసార్లు పెద్ద ఎత్తున వచ్చారు: 1942లో ఒకసారి, 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకోసారి. రెండోసారి వచ్చినవాళ్ళు ఓడల్లో వచ్చారు, వాళ్ళకు ప్రభుత్వం కాలనీలు కట్టించింది. రెండు తరాల జ్ఞాపకాలు ఇంట్లో చెప్పుకునేటప్పుడు కలిసిపోతాయి. ‘నడిచి వచ్చాం’ అన్నారా, ‘ఓడలో వచ్చాం’ అన్నారా, అప్పుడు నెహ్రూ ఉన్నాడా అని మెల్లగా అడగండి. సంవత్సరం అడిగితే గుర్తుండకపోవచ్చు. వాన పడుతోందా, మామిడి పళ్ళు ఉన్నాయా, ఎవరికి కలరా వచ్చింది అని అడిగితే నెల తెలుస్తుంది. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో అప్పటి ‘ఇండియన్స్ ఓవర్సీస్’ శాఖ ఫైళ్ళు ఉన్నాయి, తరలింపు మీద బోలెడు ఉత్తర ప్రత్యుత్తరాలు వాటిలో దొరుకుతాయి.

ముందు ‘కాసాబ్లాంకా’ మళ్ళీ చూడండి, ఈసారి రిక్‌ను, అతని పాత ప్రేయసి ఇల్సాను వదిలేసి వెనక బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళ మొహాలు చూడండి. తర్వాత ‘ట్రాన్సిట్’ చదవండి. ఆ తర్వాతే ‘గ్లాస్ ప్యాలెస్’ పట్టుకోండి, లేకపోతే మీ కథ ఆయన కథ నీడలో పడుతుంది. మీ తాతగారు టౌంగుప్ వైపు వచ్చారో, మణిపూర్ వైపు వచ్చారో తెలిస్తే ఇక్కడే రాయండి. ఆ దారిలో ఏ ఊళ్ళు తగులుతాయో, ఏ నెలలో అక్కడ పరిస్థితి ఎలా ఉండేదో నాకు తెలిసినంత చెప్తాను.